రాయని ప్రమాణంతోనే అసలు చిక్కు

"మాకు బైబిలొక్కటే చాలు, మనుషులు రాసిన విశ్వాస ప్రమాణాలు అక్కర్లేదు" అని కొన్ని క్రైస్తవ సంఘాలవాళ్ళు గర్వంగా చెప్తుంటారు. వినడానికి బానే ఉంటుంది. కానీ ఆ మాటా ఒక ప్రమాణమే కదా? కాగితం మీద లేదు, అంతే తేడా.

అసలు ఇవెందుకు పుట్టాయి? 325లో నైసియాలో బిషప్పుల సభ జరిగింది. కుమారుడు కూడా సృష్టింపబడినవాడేనని అరియస్ వాదన. అతనేమీ బైబిల్ని కాదనలేదు, సామెతల గ్రంథం ఎనిమిదో అధ్యాయాన్నే సాక్ష్యం తెచ్చాడు. బైబిలు మాట ఏది ముందు పెట్టినా అతని పక్షంవాళ్ళు తమ అర్థం తాము చెప్పుకుని తలూపారని అథనేసియస్ రాశాడు. అందుకే సభ బైబిల్లో లేని 'హోమోఊసియోస్' అన్న గ్రీకు మాట తెచ్చింది. తండ్రితో ఏకసారం కలవాడని అర్థం. ఒకే రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంటు మీద ఇద్దరూ సంతకం పెట్టి, డెలివరీ రోజున "మేమనుకున్నది ఇది కాదు" అనుకోవడం మనకి కొత్తా?

రాయని ప్రమాణం పాస్టరుగారి తలలో ఉంటుంది. నగలు పెట్టుకోవచ్చా, సినిమా చూడొచ్చా, ఎవర్ని వెలివేయాలి అన్నీ అక్కడే తేలతాయి. ఏ నియమం తప్పారో తప్పాకే తెలుస్తుంది. రాసినదైతే మామూలు సభ్యుడు కూడా "ఇది ఎక్కడుందండీ?" అని అడగ్గలడు. తప్పుంటే దిద్దుకోవచ్చు కూడా. 1646 నాటి వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రకటనలో, సంఘం మీద ప్రభుత్వానికుండే అధికారం గురించిన భాగాన్ని అమెరికా ప్రెస్బిటేరియన్లు 1788లో మార్చారు. ఏం మార్చారో ఇవాళ ఎవరైనా పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. తలలో ఉన్నదానికి వెర్షన్ హిస్టరీ ఎక్కడిది?

ప్రమాణాల్ని కర్రలా వాడలేదా అంటారా? వాడారు. నైసియా తీర్మానాన్ని ఒప్పుకోనందుకు అరియస్‌కి ప్రవాసం తప్పలేదు. పడమటి సంఘం పరిశుద్ధాత్మ గురించి 'కుమారుని నుండియు' అన్న మాట చేర్చుకోవడం 1054 చీలిక కారణాల్లో ఒకటి. ఇంకో లోటు కూడా ఉంది. అపొస్తలుల విశ్వాస ప్రమాణం కన్య మరియ దగ్గర్నుంచి ఒక్క అంగలో పొంతి పిలాతు దగ్గరికెళ్ళిపోతుంది. కొండమీది ప్రసంగం లేదు, రోగుల్ని ముట్టుకున్న చెయ్యి లేదు. ప్రమాణం పొలంగట్టు లాంటిది. హద్దు తగువు తీరుస్తుంది గానీ గట్టు మీద పంట పండదు.

1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం పద్ధతి నాకు నచ్చుతుంది. మన దోర్నకల్, మెదక్ డయోసిస్‌లు అందులోవే. అపొస్తలుల, నైసియా ప్రమాణాలు రెంటినీ ఒప్పుకుంటూనే, అర్థం చెప్పుకోవడంలో సభ్యులకి తగినంత స్వేచ్ఛ ఇచ్చింది. ప్రమాణాలంటే గిట్టని కాంగ్రిగేషనల్ వాళ్ళు, అవి లేనిదే కుదరదనే ఆంగ్లికన్లు ఒకే సంఘంలో కలిశారు.

కాబట్టి ప్రమాణాలు లేవని చెప్పుకునే సంఘంలో మీరుంటే ఒక్క పని చెయ్యండి. సభ్యత్వం పోవడానికి కారణాలేమిటో ఒక పేజీలో రాసివ్వమని అడగండి. ఇస్తే అదే మీ ప్రమాణం. ఇవ్వనంటే మాత్రం కాస్త ఆలోచించుకోండి.