మూగబొమ్మకు ధైవతం



వందేళ్ళు దాటిన మూకీ భయానక చిత్రాలకు నేటి సంగీతకారులు కొత్త బాణీలు కట్టి, తెర పక్కనే కూర్చుండి ప్రత్యక్షంగా వాయించటం పాశ్చాత్య దేశాలలో పరిపాటి అయినది. “పాత చిత్రానికి కొత్త సంగీతమేల? మూలాన్ని మూలంగానే ఉంచరాదా?” అని పెద్దలు కొందరు ఆక్షేపిస్తారు. ఆ మాటలో పాతదనంపై గౌరవం ఉన్నది, కాదనను. అయితే మూకీకి ‘మూలసంగీతం’ అనేది ఎంతవరకు ఉన్నదో విచారించాలి.

మూకీలు సాధారణంగా నిశ్శబ్దంలో ఆడలేదు. మన దేశంలో హార్మోనియం, తబలా వాయించేవారు తెర దగ్గర కూర్చునేవారు. చదువురాని ప్రేక్షకులకు కథ చెప్పే వ్యాఖ్యాతలూ ఉండేవారు. 1921 నాటి ‘భీష్మ ప్రతిజ్ఞ’ మొదలు 1932లో ‘భక్త ప్రహ్లాద’ మాట నేర్చేదాకా మన తెలుగువారి మూకీయుగం. అప్పుడు బొమ్మ డబ్బాలో వచ్చేది, సంగీతం ఊళ్ళో పుట్టేది. ఊరు మారితే సంగీతం మారేది.

మూర్నౌ తీసిన ‘నోస్ఫెరాటు’నే చూడండి. ‘భయానక సింఫనీ’ అని దాని ఉపశీర్షిక. 1922 మార్చి 4న బెర్లినులో తొలి ప్రదర్శనకు హాన్స్ ఎర్డ్‌మన్ సంగీతం కూర్చాడు. అది పూర్తిగా మనకు దక్కలేదు. ‘డ్రాక్యులా’ నవలాకారుని భార్య దావా వేయగా ప్రతులన్నీ నాశనం చేయమని న్యాయస్థానం ఆజ్ఞాపించినది. ఎక్కడెక్కడో మిగిలిన ప్రతుల వల్ల చిత్రం బతికినది. 1997లో జేమ్స్ బెర్నార్డ్ దానికి కొత్త సంగీతం రచించాడు. ఆయనకు ముందూ తరువాతా ఎందరో రచించారు. ఇది అపచారమైతే, ఆ చిత్రాన్ని చెవులు మూసుకునే చూడాలి!

ఇక మన శాస్త్రం. భయానకానికి వర్ణం నలుపు, అధిదేవత కాలుడు అన్నాడు భరతుడు. అది బీభత్సం నుండి పుడుతుందన్నాడు. ఓడలో శవపేటికలు, వాటినుండి ఎలుకలు, వాటి వెంట ఊరిమీదికి మహమ్మారి: మూర్నౌ చూపిన క్రమమూ అదే. ఈ రెండు రసాలకూ భరతుడు ధైవతాన్ని చెప్పాడు. నాటి ధైవతం, నేటి ధైవతం ఒకటి కాకపోవచ్చు. కాని ఏ రసానికి ఏ స్వరమన్న ఆలోచన మనకు కొత్త కాదు.

ఆచరణా కొత్త కాదు. తోలుబొమ్మలాటలో తెర వెనుక మద్దెల, తాళాలు మోగుతూ ఉండగా, యుద్ధఘట్టం రాగానే కళాకారులు కాలికింది చెక్కలను దడదడ తొక్కుతారు. నీడకు ప్రాణం పోసే విద్య అది. మెట్లెక్కే ఆ పిశాచపు నీడకూ అదే కావాలి.

అయితే ఒక్క నియమం. నేటి చిత్రాలలో తలుపు తెరుచుకోకముందే వయొలిన్లు కీచుమని భయాన్ని చాటింపు వేస్తాయి. అది రసం కాదు, దండోరా. మా కొల్లేటి గట్టున రాత్రివేళ కప్పల బెకబెకలు హఠాత్తుగా ఆగిపోతే గుండె ఝల్లుమంటుంది. ఎప్పుడు ఆపాలో తెలిసినవాడే ఈ సంగీతానికి అర్హుడు.

1928 నాటి మూకీ ‘షిరాజ్’కు అనౌష్కా శంకర్ కొత్తగా కూర్చిన సంగీతాన్ని 2017 నవంబరులో హైదరాబాదులోనూ ప్రత్యక్షంగా వినిపించారు. అది ప్రేమకథ, అది మహానగరం. మా ద్వారకా తిరుమల వంటి ఊళ్ళో ఒక తెల్లని పంచె కట్టి ‘నోస్ఫెరాటు’ను ఎందుకు ఆడించరాదు? పద్యనాటకాలకు ఆదరణ తగ్గి, హార్మోనియం పెట్టె మూసి కూర్చున్న విద్వాంసులు మన జిల్లాలలో ఉన్నారు. నటుడి ఊపిరిని బట్టి శ్రుతి అందించటం, రాగాన్ని సాగదీయటం, చటుక్కున నిలపటం వారికి వెన్నతో పెట్టిన విద్య. బొమ్మను చూస్తూ వాయించటానికి ఇంతకన్న అర్హత ఏమున్నది?

టాకీ వచ్చి తెర దగ్గరి వాద్యగాళ్ళ కూడు తీసినది. ఆ పాత మూకీయే ఈనాడు నాలుగు కుటుంబాలకు పని కల్పిస్తే, పిల్లలకు మౌనాన్ని వినటం నేర్పితే, దానిని మూలానికి ద్రోహమనటం నాకు చేతకాదు. మూకీ అడిగేది ఎప్పుడూ ఒకటే: “నేను మీ ఊరు వచ్చాను. మీ గొంతు నాకివ్వండి.”