పిల్లను పట్టుకుపోవడం కాదు, ఇల్లు నిలబెట్టడం

2023 ఆగస్టులో కోకాపేటలో సర్కారు వేలం వేసిన భూమి ఎకరం 100 కోట్ల రూపాయలు దాటింది. ఆ ఎకరంలో లేచే భవనానికి ఇసుక తట్టలు మోసే తల్లి తన బిడ్డను ఎక్కడ పడుకోబెడుతుంది, ఆ బిడ్డ ఏ బడికి పోతుంది అని వేలంపాటలో ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న రైతు సంఘం అడగాలి. ఎందుకంటే ఆ తల్లి నిన్నటిదాకా పత్తి చేనులో ఉంది. ఆ బిడ్డ పేరు ఏదో ఒక ఊరి సర్కారు బడి హాజరు పట్టీలో ఇంకా ఉంది.

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అప్పటినుంచి గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రామ్‌గూడ, రాయదుర్గం, మణికొండ, నార్సింగి, కోకాపేట దాకా పని ఆగలేదు. ఈ గోడలు లేపిన చేతుల్లో పాలమూరు చేతులున్నాయి. కోస్గి, కొడంగల్, మక్తల్, నారాయణపేట నుంచి వచ్చినవాళ్లు, శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చినవాళ్లు, ఒడిశా, బీహార్, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. భాషలు వేరైనా వచ్చిన దారి ఒకటే. బోరు ఎండింది, పంటకు ధర రాలేదు, కౌలు కట్టాలి, అప్పు మిగిలింది. మేస్త్రీ అడ్వాన్స్ ఇచ్చాడు, బస్సెక్కారు.

ఈ సైట్ల పక్కన రేకుల షెడ్లు చూసినవాళ్లకు చెప్పనక్కరలేదు. తల్లిదండ్రులు పొద్దున్నే పనికి పోతే ఎనిమిదేళ్ల పిల్ల రెండేళ్ల తమ్ముణ్ణి చంకనేసుకుని షెడ్డు కాపలా ఉంటుంది. నీళ్లు పడుతుంది, బియ్యం కడుగుతుంది. ఎవరైనా అడిగితే తల్లి ‘పని చెయ్యదు సార్, ఇంటికాడనే ఉంటది’ అంటుంది. లెక్కల్లో ఆ పిల్ల బాల కార్మికురాలు కాదు. బడిలో కూడా లేదు. ఏ శాఖ లెక్కలోనూ లేని ఈ పిల్ల గురించే ఈ వ్యాసం.

పిల్లల కోసం, కుటుంబాల కోసం చేసే పని ఎప్పుడు ఫలిస్తుంది, ఎప్పుడు ఫలించదు అన్నది మనకు అవసరం లేని విషయం అనుకునే మిత్రులున్నారు. మద్దతు ధర, కరెంటు, పాసుపుస్తకం మన పని, పిల్లల సంగతి అధికారులు చూసుకుంటారు అంటారు. కానీ ధర రాని పంటకు జరిమానా చివరికి కట్టేది ఎవరు? ఐదో తరగతిలో ఆగిపోయిన పిల్లే కడుతుంది.

ఇప్పుడు జరుగుతున్నది చూద్దాం. తెలంగాణలో ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో పోలీసులు, లేబర్ శాఖ, మహిళా శిశు సంక్షేమ శాఖ కలిసి తనిఖీలు చేస్తాయి. అడ్డాల దగ్గర, హోటళ్లలో, సైట్లలో పిల్లలను పట్టుకుంటారు. నెలాఖరున ఇంతమందిని కాపాడాం అని ప్రకటన వస్తుంది. ఈ తనిఖీలు వద్దని మేం అనడం లేదు. నిజంగా చెరలో ఉన్న పిల్లలు వీటివల్ల బయటపడ్డారు. కానీ ఫిబ్రవరిలో ఆ పిల్ల ఎక్కడ ఉంది అన్న లెక్క ఎవరు చెబుతారు? తండ్రి చేత సంతకం పెట్టించుకుని పిల్లను అప్పగిస్తారు. వారం తిరిగేసరికి మేస్త్రీ ఆ కుటుంబాన్ని వేరే సైటుకు మారుస్తాడు. ఫైలు మూసేశారు, పిల్ల మళ్లీ షెడ్డుకు చేరింది.

చట్టం ఇలా చెయ్యమని చెప్పలేదు. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం రక్షణ అవసరమైన పిల్లను 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు పెట్టాలి. ఆ ఇంటి పరిస్థితిపై సామాజిక విచారణ 15 రోజుల్లో పూర్తి చెయ్యాలి. హోముకు పంపడం అన్ని దారులూ మూసుకుపోయినప్పుడే చెయ్యాల్సిన పని అని అదే చట్టం చెబుతుంది. అంటే ముందు కుటుంబం, ఆ తర్వాతే హోము. కానీ విచారణ అంటే ఒక ఫారం నింపడం అయిపోయింది. అప్పు ఎంత, ఎవరికి, అడ్వాన్స్ ఎంత తీసుకున్నారు, రేషన్ అందుతుందా, చంటిబిడ్డను ఎవరు చూస్తారు అన్నవి అడగకుండా ఇంటి పరిస్థితి తెలియదు. ఆ పని చెయ్యాల్సిన ఉద్యోగి చేతిలో లెక్కకు మించిన కేసులు పెట్టి, తిరగడానికి బండి కూడా ఇవ్వకుండా, ఫలితం రాలేదని ఆ ఉద్యోగిని తిట్టడం న్యాయం కాదు.

మరి ఫలించిన పని ఎక్కడుంది? దూరం పోనక్కరలేదు. గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం చెప్పిన శాంతా సిన్హా, 1981లో తన తాత మామిడిపూడి వెంకటరంగయ్య పేరున మొదలైన ఎం.వి. ఫౌండేషన్ తరఫున, 1991 నుంచి పక్కనే ఉన్న రంగారెడ్డి జిల్లా పల్లెల్లో జీతగాళ్లుగా ఉన్న పిల్లలతో పని మొదలుపెట్టారు. 2003లో ఆమెకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. 2007 నుంచి 2013 దాకా జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు తొలి అధ్యక్షురాలిగా ఉన్నారు. అవార్డులకన్నా మనం చూడాల్సింది ఆ పల్లెల్లో పని జరిగిన తీరు.

మొదటిది, గీత స్పష్టంగా గీశారు. బడిలో లేని ప్రతి పిల్లా బాల కార్మికురాలే, ప్రతి పిల్లాడూ బాల కార్మికుడే అన్నారు. ప్రమాదకరమైన పని, ప్రమాదం లేని పని అన్న తేడా ఒప్పుకోలేదు. రాత్రి బడి సరిపోతుందన్న మాట ఒప్పుకోలేదు. పూర్తి రోజు సర్కారు బడే అన్నారు. మన రేకుల షెడ్డు పిల్ల ఈ గీతతోనే లెక్కలోకి వస్తుంది.

రెండోది, ఇల్లిల్లూ తిరిగింది ఊరి యువతే. ఒకసారి కాదు, పదిసార్లు తిరిగారు. తండ్రి ఒప్పుకునేదాకా, ఒప్పుకున్నాక పిల్ల బడిలో నిలిచేదాకా తిరిగారు. జీపులో వచ్చి పోయే మనిషి మాటకూ, రేపు మళ్లీ ఎదురుపడే మనిషి మాటకూ తేడా ఉంటుంది.

మూడోది, పనిలోంచి తీసిన పిల్లను నేరుగా తరగతిలో పడేయలేదు. పన్నెండేళ్ల పిల్లవాడిని ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతో పారిపోతాడు. అందుకే శిబిరాల్లో కొన్ని నెలలు చదువు చెప్పి, వయసుకు తగ్గ తరగతిలో చేర్చారు. ఈ పద్ధతే తర్వాత విద్యా హక్కు చట్టంలో నియమంగా చోటు చేసుకుంది.

నాలుగోది, సర్కారు బడికి పోటీగా మరో బడి పెట్టలేదు. సర్కారు పంతుళ్లే ముందుకొచ్చి బాల కార్మిక విమోచన వేదికగా కలిశారు. పంచాయతీ, యువకులు, తల్లిదండ్రులు కలిసి ఊళ్లో ఎవరు బడికి రావడం లేదో చూసే కాపలా పెట్టుకున్నారు.

ఐదోది, పిల్లలను పనిలో పెట్టుకున్నవాళ్లతో కూర్చుని మాట్లాడారు. ఆ పెట్టుకున్నవాళ్లు ఎవరో రైతు సంఘం పత్రికలో దాచడం తగదు. జీతగాడు ఉన్నది రైతు ఇంట్లోనే. పత్తి విత్తనం క్రాసింగ్‌కు ఆడపిల్లలను దింపింది విత్తన రైతు పొలాల్లోనే. కంపెనీ ఇచ్చే ధర పెద్దవాళ్ల కూలికి సరిపోదన్నది నిజం. ఆ పోరాటం కంపెనీతో చెయ్యాలి, పిల్ల వేళ్లతో కాదు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ మన రాష్ట్రంలో మిరప కోతకు వచ్చిన బీజాపూర్ జిల్లా పన్నెండేళ్ల బాలిక ఇంటికి నడుస్తూ దారిలో ప్రాణం విడిచింది. కార్పొరేట్ సైట్లను ప్రశ్నించే నోటితోనే మన చేల గురించీ మాట్లాడితే ఆ మాటకు బరువుంటుంది.

‘కడుపు నిండనప్పుడు చదువేంది’ అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నను తీసిపారేయలేం. అడ్వాన్స్ తీరనిదే కుటుంబం కదలలేదు, కూలి పెరగనిదే పూట గడవదు. కానీ పేదరికం పోయాక బడికి పంపుదాం అంటే ఒక తరం వెళ్లిపోతుంది. రంగారెడ్డి పల్లెల్లో తమ పిల్లలను బడికి పంపిన తల్లిదండ్రులు ధనవంతులయ్యాక పంపలేదు. దారి చూపించేవాళ్లు, బడిలో చేర్చుకునేవాళ్లు దొరికాక పంపారు. తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదన్న మాట అబద్ధం. తెలియనిది చేర్పించే దారి. కాబట్టి రెండూ కలిసి నడవాలి. బ్రెజిల్‌లో 2003 నుంచి బోల్సా ఫమీలియా పేరుతో పేద కుటుంబాలకు నెలనెలా డబ్బు ఇస్తూ, పిల్లల బడి హాజరుకు దాన్ని ముడిపెట్టారు. మన దేశంలోనూ మిషన్ వాత్సల్య కింద కష్టంలో ఉన్న పిల్లకు ఇంట్లోనే ఉంటూ చదువుకోవడానికి నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. హోములో పెట్టకుండా ఇంట్లో నిలబెట్టే సాయం ఇదే. మన ఊళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

రైతు ఆత్మహత్య జరిగిన ఇంట్లోనూ ఇదే కథ. 2015లో వచ్చిన జీవో 194 ప్రకారం కుటుంబానికి 5 లక్షలు, అప్పుల పరిష్కారానికి 1 లక్ష రావాలి. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీఏలతో కూడిన త్రిసభ్య కమిటీ విచారిస్తుంది. కౌలు కాగితం ఏది, అప్పు కాగితం ఏది అని అడుగుతుంది. పిల్లలు ఏం చదువుతున్నారని అడిగే కాలమ్ ముఖ్యం కాదు వాళ్లకు. 2018 ఆగస్టులో వచ్చిన రైతు బీమా పట్టాదారుకే గాని కౌలు రైతుకు లేదు. భర్త పోయిన ఆడమనిషి ఇద్దరు పిల్లలతో కొండాపూర్ అపార్టుమెంట్లలో ఇంటిపనికి చేరితే, అక్కడ ఆమెను పనిమనిషి అంటారు. ఆమె రైతు. 2017లో వికారాబాద్ జిల్లాలో మొదలైన కిసాన్ మిత్ర హెల్ప్‌లైన్ పనికొచ్చిందంటే కారణం ఫోను కాదు. ఫోను పెట్టేశాక సమస్య వెంట ఆఫీసుల దాకా నడిచే మనిషి ఉండడం.

సైబరాబాద్‌లో ఆ నడిచే మనిషి లేడు. 2020 మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దేశంలో తొలి శ్రామిక్ రైలు కదిలింది. సుమారు 1,200 మంది ఎక్కారు. ఇంతమంది మన మధ్య ఉన్నారని చాలామందికి ఆ రోజే తెలిసింది. ఊళ్లో అంగన్‌వాడీ టీచరుకు ప్రతి ఇల్లూ తెలుసు. షెడ్లకు ఆ టీచరు లేదు.

చట్టాలకు కొదవ లేదు. విద్యా హక్కు చట్టం ప్రకారం టీసీ ఆలస్యమైందని, వయసు కాగితం లేదని బడి చేర్చుకోకుండా ఉండకూడదు. వలస కుటుంబాల పిల్లలను చేర్పించే బాధ్యత స్థానిక సంస్థదేనని 9వ సెక్షన్ చెబుతుంది. 50 మందికి మించి స్త్రీలు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకు గది ఉండాలని 2025 దాకా అమల్లో ఉన్న 1996 నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. కానీ భార్యాభర్తల కూలి ఒక్క పేరు మీద రాస్తే స్త్రీల లెక్క 50 దాటేది కాదు. నిర్మాణ వ్యయంలో 1 శాతం సెస్సు కార్మికుల సంక్షేమానికే వసూలవుతుంది. 100 కోట్ల ఎకరం మీద లేచే కట్టడంలో ఆ 1 శాతం ఎంతవుతుందో లెక్క వేసుకోండి.

అందుకే సంఘం తరఫున మా డిమాండ్లు ఇవి. సెస్సు నిధితో ప్రతి పెద్ద లేబర్ క్యాంపులో అంగన్‌వాడీ, శిశు గది పెట్టాలి. బిల్డర్‌కు ఇచ్చే అనుమతిలోనే దాన్ని షరతుగా రాయాలి. ఒక్కో క్యాంపుకు ఒక్క సామాజిక కార్యకర్తను కనీసం ఏడాదిపాటు మార్చకుండా ఉంచాలి. రాచకొండ పరిధిలో ఇటుక బట్టీల దగ్గర ఒడిశా పిల్లలకు ఒడియాలోనే బడి నడిపినట్టు ఇక్కడా పిల్ల భాష తెలిసినవాళ్లను పెట్టాలి. తనిఖీల తర్వాత ఎంతమందిని పట్టుకున్నారో కాదు, ఆరు నెలల తర్వాత ఎంతమంది బడిలో ఉన్నారో ప్రకటించాలి. కౌలు రైతు కుటుంబాలకు స్పాన్సర్‌షిప్‌లో ముందు చోటు ఇవ్వాలి.

డిమాండ్ చేసి కూర్చుంటే సరిపోదు. వానాకాలం పంట చేతికొచ్చాక వలస బస్సులు కదులుతాయి. అంతకు ముందే ప్రతి గ్రామ కమిటీ నాలుగు పనులు చెయ్యాలి. ఏ ఇల్లు పోతుంది, పిల్లలు ఎంతమంది, ఏ తరగతి, మేస్త్రీ ఎవరు, ఏ సైటు అని ఒక నోటుబుక్కులో రాయాలి. పిల్లలను అమ్మమ్మ, నాయనమ్మల దగ్గర ఉంచే ఇళ్లకు సీజనల్ హాస్టల్ కోసం మండల విద్యాధికారిని కలవాలి. వెంట తీసుకుపోయే పిల్లల చేతికి హెడ్‌మాస్టరు నుంచి టీసీ ఇప్పించాలి. 15 రోజులకు ఒకసారి ఆ ఇంటికి ఫోన్ చెయ్యాలి. పిల్ల బడికి పోవడం లేదని తెలిస్తే 1098కి చెప్పి, అంతటితో ఆగకుండా నగరంలోని భవన నిర్మాణ కార్మిక సంఘం మిత్రులను ఆ షెడ్డుకు పంపాలి.

విత్తనం వేసినవాడు మొలక వచ్చిందా లేదా అని మళ్లీ పోయి చూస్తాడు. మొలవకపోతే మళ్లీ విత్తుతాడు. పిల్లల పనికి కావాల్సిన తెలివి కూడా అంతే. ఈ నెల గ్రామ కమిటీ సమావేశాల్లో మొదటి అంశంగా ఆ నోటుబుక్కు తెరవండి. వచ్చే నెల జిల్లా సమావేశానికి దాన్ని వెంట తీసుకురండి.