అరుగుమీది పారిజాతము

తెల్లవారుజామున వాకిలి తలుపు తీసిన ఇల్లాలికి అరుగుమీద ఒక గుండ్రని తడిమరక కనిపించును. నిన్నటి సాయంకాలమువరకు అచ్చట మల్లెకుండీ యుండెను. మూడేండ్లు పెంచిన మొక్క. ఈ వేసవికే మొగ్గ తొడిగినది. దాని వెల రెండు మూడు వందల రూపాయలకు మించదు. పోలీసు ఠాణాకు పోయి చెప్పుకొందమన్నచో వినువారు నవ్వుదురేమోయను సంకోచము. చెప్పుకొనకున్నచో మనస్సునకు నెమ్మది లేదు. నగ పోయిన ఇంటికి వీధి వీధియంతయు వచ్చి పరామర్శించును. మొక్క పోయిన ఇంటిని పలుకరించువారుండరు. "పోనీలే, ఇంకొకటి కొనుక్కుందాం" అన్న మాటతో ఇంటిలోనివారే ఆ సంగతిని ముగింతురు.

కాని ఆ ఇంకొకటి ఈ మొక్క కాదు. కడియము నర్సరీలలో మల్లెమొక్కలు కోరినన్ని దొరకును. వానిలో ఏదియు ఆ ఇల్లాలు బియ్యము కడిగిన నీరు పోసి పెంచినది కాదు. పోయినది పుట్టింటి పెరటినుండి తెచ్చిన అంటు కావచ్చును. గతించిన తల్లి చేతితో నాటిన సన్నజాజి కావచ్చును. బదిలీయై పోవుచు పొరుగింటి ఉపాధ్యాయుడు అప్పగించి వెళ్లిన గులాబి కావచ్చును. దొంగ ఎత్తుకొనిపోవునది కుండీ, మట్టి, మొక్క. ఇంటివారు పోగొట్టుకొనునది మూడేండ్ల ఉదయములు. మొదటివానికి అంగడిలో వెల కలదు, రెండవవానికి లేదు. ఈ దుఃఖము చిన్నదని కొట్టివేయుట న్యాయము కాదు.

ఐనను ఈ దొంగతనము వలన ఇంతకంటె పెద్ద నష్టమొకటి కలుగుచున్నది. కుండీ పోయిన మరుక్షణముననే ఇంటివారి చూపు వీధిమీదికి పోవును. పాలు పోయు కుర్రవాడు, పత్రిక వేయు బాలుడు, గిన్నెలు తోము మనిషి, చిత్తుకాగితములు ఏరుకొను పిల్ల - ఒకరి తరువాత ఒకరు అనుమానపు బోనులో నిలువవలసి వచ్చును. సాక్షియుండడు, విచారణయుండదు, పేదరికమే సాక్ష్యమగును. "అమ్మగారూ, మల్లె మొగ్గేసిందండీ" అని నిన్న సంబరముతో చెప్పిన పనిమనిషి నేడు యజమానురాలి చూపులోని మార్పును కనిపెట్టి, మారుమాటాడక పని ముగించుకొని పోవును. పోయిన కుండీ దొరకవచ్చును, దొరకకపోవచ్చును. ఆ నమ్మకము మాత్రము ఒకసారి విరిగినచో అతుకుట కష్టము.

ఇంతకును ఈ అనుమానమునకు ఆధారమేమి? 2023లో జి-20 సమావేశము సందర్భమున గురుగ్రామ్ నగరములో రహదారి ప్రక్కను అలంకరించిన పూలకుండీలను, ఖరీదైన కారు ఆపి, పట్టపగలు అందులోనికి ఎక్కించుకొనిపోయిన దృశ్యమును దేశమంతయు చూచినది. తరువాత పోలీసులు ఒకరిని అరెస్టు చేసిరి. కుండీ కొనుటకు డబ్బులేక చేసిన పని కాదది. ఊరక దొరకినదిగదా యను ఆశ కారులో తిరుగువానిని కూడ వదలలేదు. కావున ఏ ఆధారమును లేక ఇంటి పనిమనిషిని అనుమానించుట అవివేకము; అంతకుమించి అన్యాయము.

మొక్కను దొంగిలించుట దొంగతనముగా లెక్కకు రాకపోవుటయే ఈ చేష్టకు ఊతము. మనీప్లాంటును కొనరాదు, అడుగరాదు, ఎవరికిని తెలియకుండ తెచ్చి నాటిననే ఇంట సిరి నిలుచునని ఒక నమ్మకము వ్యాపించియున్నది. ఆ తీగ పుట్టినిల్లు ప్రశాంత మహాసముద్రములోని మొరేయా ద్వీపము. దాని కణుపులయందు వేరు పుట్టించు శక్తి కలదు. మట్టిలో గ్రుచ్చినను, సీసానీటిలో నుంచినను బ్రతుకును. దొంగిలించినందువలన బ్రతికినదనుకొనుట ఈ శక్తిని ఎరుగకపోవుటయే. అడిగి తెచ్చిన ముక్కను తరగతిగది కిటికీలో సీసానీటిలో నుంచినచో, కొన్ని వారములలో తెల్లని వేళ్లు దిగుట విద్యార్థులు కన్నులార చూడగలరు. ఒక మూఢవిశ్వాసమును తొలగించుటకు అంతకంటె చవుకైన ప్రయోగము లేదు.

తెల్లవారకమునుపే పొరుగింటి ప్రహరీమీదికి వంగి మందారములు కోసికొను పెద్దలకును అది దొంగతనమని తోచదు. దేవునికేగదా యని సమాధానము చెప్పుకొందురు. ఆవులకు మేతగా గడ్డి తీసికొనుట దొంగతనము కాదని మనుస్మృతి చెప్పిన మాట నిజమే. పశువు ఆకలికిచ్చిన ఆ సెలవు పొరుగువాని పూలతోటకు చెల్లదు. నంది తిమ్మన ప్రబంధమున సత్యభామ అలుక తీర్చుటకై శ్రీకృష్ణుడు నందనవనమునుండి చెట్టునే పెకలించి తెచ్చెను. తోటకావలివారు అడ్డుపడిరి, ఇంద్రునితో యుద్ధమే జరిగెను. తెచ్చినవాడు భగవంతుడైనను కవి తన కావ్యమునకు 'పారిజాతాపహరణము' అనియే పేరు పెట్టెను. పనిని దాని పేరుతో పిలుచు ఆ నిజాయితీ మన ఇండ్లలోను ఉండవలెను. కరుణశ్రీ 'పుష్పవిలాపము'ను తరగతిలో కంఠస్థముగా చదివిన విద్యార్థి ఆ సాయంకాలమే పొరుగువారి గులాబిని త్రుంచినచో, ఆ పాఠము పెదవులకడనే ఆగినదనుకొనవలెను.

చట్టము ఈ విషయమున స్పష్టముగా నున్నది. భూమినంటియున్న చెట్టు అట్లున్నంతవరకు దొంగతనమునకు వస్తువు కాదు. నేలనుండి వేరుచేసిన క్షణమున అగును. కుండీలోని మొక్క మొదటినుండియు కదలు వస్తువే. 2024 జులై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షను ప్రకారము దొంగతనమునకు మూడేండ్లవరకు ఖైదు విధింపవచ్చును. కాని వస్తువు విలువ అయిదువేల రూపాయలకు తక్కువయై, నేరస్థుడు మొదటిసారి శిక్షపొందువాడై, వస్తువునో దాని వెలనో తిరిగి యిచ్చినచో, అతనికి సమాజసేవయే శిక్ష. మల్లెకుండీ ఎత్తుకొనిపోయినవానిని చెరసాలకు పంపుటకంటె పదిమంది నడచు బాటకు మొక్కలు నాటించుట మేలు కాదా?

ఇక గృహస్థుడు తనకు తాను చేసికొనదగిన పనులు కొన్ని కలవు. వీధివైపు తేలికయైన ప్లాస్టిక్ కుండీలకు బదులు ఒక్కనికి కదలని సిమెంటు తొట్లను ఉంచవచ్చును. మొక్క నాటునప్పుడే అడుగు రంధ్రముగుండ సన్నని గొలుసును తీసి కిటికీ ఊచకు బిగింపవచ్చును. కుండీ అడుగున రంగుతో ఇంటి గుర్తు వ్రాసికొనవచ్చును. అపురూపమైన మొక్కను మేడమీదికో పెరటిలోనికో చేర్చి, ముండ్లుగల కాగితపుపూల మొక్కను వాకిటికి కావలి పెట్టవచ్చును. ఎవరి పేరును ఎత్తకుండ జరిగిన సంగతి ఇరుగుపొరుగులకు చెప్పుట అవసరము; ఒకరి అరుగును పదిమంది కనిపెట్టియుందురు. కెమెరా అమర్చుకొనగలవారు అమర్చుకొందురుగాక. కాని ప్రహరీ ఎత్తు పెంచుచు పోయినచో కడకు మిగులునది మొక్కను దొంగ చూడలేని ఇల్లు, బాటసారియు చూడలేని ఇల్లు. అందరి కన్నులకు ఆనందమిచ్చుటకే గదా వాకిట పూలమొక్క పెట్టితిమి!

అన్నిటికంటె గట్టి కావలి మరియొకటి కలదు. అది మొక్కను ఒక్కచోటనే ఉంచకపోవుట. మల్లెకొమ్మను వంచి మట్టిలో త్రొక్కి యుంచినచో వేరు దిగును. పిదప తల్లిమొక్కనుండి కోసి వేరుగా నాటవచ్చును. మందారము జానెడు కొమ్మనుండి లేచును. మన ఇండ్లలో బ్రహ్మకమలమని పిలుచు రాత్రిపూవు మెక్సికో ప్రాంతమునుండి వచ్చిన మొక్క. ఆకువలె కనిపించు దాని కాండపు ముక్కను నాటిన చాలును. నలుగురికి పంచిన మొక్క ఒక యింట పోయినను మూడిండ్ల బ్రతికియుండును. అడిగి తెచ్చుకొనవచ్చును. పంచని మొక్క పోయినచో పోయినదే. మన ముత్తవ్వలకు ఈ భీమా తెలియును. అంటు అడిగినవారిని వారు వట్టిచేతులతో పంపలేదు.

పాఠశాలలు ఈ పనికి తగిన చోట్లు. ప్రతి తరగతియు ఏడాదికి పది అంట్లు కట్టి ఊరివారికి పంచినచో, జీవశాస్త్రములో ఒక పాఠమును, పౌరధర్మములో ఒక పాఠమును ఒక్కమారే జరుగును. మొక్కను పెంచిన బాలుడు ఇతరుల మొక్కమీద చేయి వేయుటకు జంకును. దాని వెనుక ఎన్ని చెంబుల నీరున్నదో వాడెరుగును.

కుండీ పోయిన అరుగుమీద మరల ఒక కుండీని పెట్టుటకు కొంత ధైర్యము కావలెను. పెట్టుటయే మంచిది. దాని ప్రక్కను ఒక అట్టముక్కమీద "అంటు కావలసినవారు తలుపు తట్టుడు" అని వ్రాసి యుంచుటయు మంచిది. ఆ మాట చదివి తలుపు తట్టువారిలో నిన్న ఎత్తుకొనిపోయినవాడును ఉండవచ్చును. అడుగుటకు వచ్చినవానిని ఎవరని విచారింపక అంటు చేతికిచ్చి, నీరెప్పుడు పోయవలెనో చెప్పి పంపవలెను. ఇక మొదటి అంటు ఎవరికనగా, నిష్కారణముగా మన చూపునకు నొచ్చుకొనిన ఆ పనిమనిషికి.