మంచు దారిలో ఫోర్‌ బై ఫోర్‌ భ్రమ

ఇంజన్‌ శక్తి నాలుగు చక్రాలకూ అందే ఫోర్‌ బై ఫోర్‌ బండి చేతిలో ఉంటే మంచు దారికి జంకనక్కరలేదనీ, దానికి వెడల్పాటి మడ్‌ టైర్లు కూడా వేయిస్తే ఇక ఎదురే ఉండదనీ వాహనప్రియుల్లో బలంగా పాతుకుపోయిన అభిప్రాయం ఒకటి ఉంది. 1985లో వచ్చిన మారుతి జిప్సీ కాలం నుంచి 2023లో ఐదు తలుపులతో వచ్చిన జిమ్నీ దాకా చిన్న జీపుల యజమానుల మధ్య ఈ మాట నోటి నుంచి నోటికి పాకుతూ వచ్చింది. మనాలి పైన మంచు పడ్డ రోజుల్లో సోలంగ్‌ దాటి అటల్‌ టన్నెల్‌ వైపు ఫోర్‌ బై ఫోర్‌ బండ్లనే పంపే పద్ధతి దానికి అధికార ముద్ర కూడా వేసింది. ఈ అభిప్రాయంలో నిజం లేకపోలేదు. అయితే ఆ నిజం బండిని ముందుకు కదిలించడం వరకే వర్తిస్తుంది, ఆపవలసి వచ్చిన క్షణాన దాని బలం అక్కరకు రాదు.

ఇంజన్‌ శక్తి నాలుగు చక్రాలకూ పంచినప్పుడు ఏ ఒక్క టైరు మీదా దాని పట్టుకు మించిన లాగుడు అంత తేలిగ్గా పడదు గనుక, రెండు చక్రాలకే శక్తి అందే కారు, చక్రాలు గిర్రున తిరిగి, నిలిచిపోయే ఎగుడులో కూడా జీపు నింపాదిగా ఎక్కిపోతుంది. బ్రేకుల సంగతి వేరు. అతి చవక కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి కాబట్టి, బ్రేకు తొక్కిన మీదట జీపుకు దక్కే అదనపు లాభం ఏమీ లేదు. పైగా రెండు చక్రాలకే శక్తి అందే కారు బయలుదేరేటప్పుడే జారి దారి ఎంత నునుపుగా ఉందో డ్రైవరుకు తెలియజేస్తుంది. ఫోర్‌ బై ఫోర్‌ బండి ఆ హెచ్చరికను మింగేసి, అతడు మొదటి దిగుడు మలుపులో వేగంగా ఉన్నప్పుడు ఆ సంగతి బయటపెడుతుంది.

టైరు పట్టుకూ, ఆ టైరు మీద పడే బరువుకూ ఉన్న నిష్పత్తిని ఘర్షణ గుణకం అంటారు. పొడి తారు రోడ్డు మీద అది సుమారు 0.7 ఉంటే, బండ్ల కింద నలిగి గట్టిపడిన మంచు మీద 0.2 దగ్గర ఉంటుంది. మధ్యాహ్నం కాస్త కరిగి రాత్రికి గాజులా బిగిసిన ఐసు మీద 0.1కీ, అంతకన్నా కిందికీ పడిపోతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి బ్రేకు పడ్డాక పొడి రోడ్డు మీద 9 మీటర్లలో ఆగితే, గట్టిపడిన మంచు మీద 31 మీటర్లు, ఐసు మీద 63 మీటర్లు పోతుందని ఈ అంకెలే చెబుతాయి. ఇది సమతలం లెక్క. నూరు మీటర్లకు పది మీటర్లు దిగే వాలు ఘాట్‌ రోడ్లలో సాధారణమే. అటువంటి వాలులో గుణకం 0.1కి పడిపోయిందంటే, నాలుగు చక్రాలూ బిగుసుకుపోయి ఒక్క చుట్టు కూడా తిరగకపోయినా బండి తనంత తాను జారిపోతూనే ఉంటుంది. అక్కడ బ్రేకు ఉన్నా లేనట్టే. బండి తేలిక కాబట్టి త్వరగా ఆగుతుందన్న వాదన కూడా నిలవదు, ఎందుకంటే బరువు తగ్గినంత మేరకు పట్టు కూడా తగ్గుతుంది. ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ మధ్య దూరం మూడు తలుపుల జిమ్నీకి 2,250 మిల్లీమీటర్లే కాబట్టి, వెనుక భాగం ఒకసారి పక్కకు జారడం మొదలైతే సరిచేసుకునే వ్యవధి కూడా పొడవాటి కారులో కన్నా తక్కువ.

కాబట్టి ప్రశ్న టైరు రబ్బరు దగ్గరికి వస్తుంది. ఎండకాలపు రోడ్ల కోసం కలిపిన రబ్బరు సుమారు 7 డిగ్రీల కింద బిరుసెక్కడం మొదలుపెడుతుంది. రాత్రంతా గడ్డకట్టే చలిలో నిలిచిన బండి దగ్గరికి పొద్దున్నే వెళ్లి ట్రెడ్‌ను, అంటే నేలను తాకే గాడుల పొరను, గోటితో నొక్కి చూస్తే మామూలు టైరు చెక్కలా ఎదురుతన్నుతుంది. శీతాకాలపు టైరు అదే చలిలో మెత్తగా లోపలికి అణుగుతుంది. ఆ మెత్తదనమే నేల గరుకులోకి ఒదిగి పట్టు ఇస్తుంది. శీతాకాలపు టైరు గుబ్బల మీద కత్తితో గీసినట్టు ఉండే సన్నని చీలికలను సైపులు అంటారు. గుబ్బ వంగినప్పుడు అవి విచ్చుకుని, వాటి అంచులు మంచును గీరుతూ పట్టుకుంటాయి. మడ్‌ టైరుకు పెద్ద గుబ్బలు, లోతైన గాడులు ఉంటాయి గానీ సైపులు తక్కువ, రబ్బరు గట్టిది. అంతకన్నా ముఖ్యమైన సంగతి, బురదను విసిరికొట్టి గాడులను ఖాళీ చేసుకోవడం దాని ధర్మం. మంచులో కావలసింది సరిగ్గా దీనికి విరుద్ధం: రబ్బరు కంటే మంచే మంచుకు బాగా అంటుకుంటుంది కాబట్టి, గాడుల్లో మంచును నొక్కి నిలుపుకునే టైరుకే పట్టు దొరుకుతుంది. లోతైన కొత్త మంచును తవ్వుకుంటూ పోవడానికి మడ్‌ టైరు పనికొస్తుంది; నలిగి నునుపెక్కిన రోడ్డు మీద అది మామూలు టైరుకన్నా గొప్పదేమీ కాదు.

వెడల్పు మీద మోజు ఐస్‌లాండ్‌ నుంచి వచ్చిన చిత్రాల వల్ల పెరిగింది. అక్కడ హిమనదాల మీద తిరిగే జీపులకు భారీ టైర్లు వేసి, గాలిని రెండు మూడు పీఎస్‌ఐ దాకా తగ్గించి నడుపుతారు. టైరుకు అందేంత లోతులో గట్టి నేల దొరకదు గనుక వాటికి మంచు పైన తేలడం తప్ప మరో దారి లేదు. హిమాచల్‌లో అడుగు లోపు మంచు కింద తారు రోడ్డు ఉంటుంది. సన్నని టైరు ఒత్తిడిని తక్కువ చోట కేంద్రీకరించి, మెత్తని మంచును కోసుకుంటూ ఆ రోడ్డును అందుకుంటుంది. జిమ్నీకి కంపెనీ ఇచ్చే 195/80 ఆర్‌15 కొలత ఈ పనికి చక్కగా సరిపోతుంది. దాన్ని తీసేసి వెడల్పు 215నో 235నో ఉన్నవి వేయించి, అదే మంచుకు సన్నాహమని భావించడం పొరపాటు.

టైరు పక్కన ఉండే గుర్తులను కూడా వివేచనతో చదవాలి. ఎం ప్లస్‌ ఎస్‌ అన్న అక్షరాలు గాడుల ఆకృతిని బట్టి తయారీదారు వేసుకునేవి. వాటి వెనుక తప్పనిసరి పరీక్ష ఏదీ లేదు. మూడు శిఖరాల మధ్య మంచురేకు ఉన్న గుర్తు 1999లో ఉత్తర అమెరికాలో వచ్చింది. నలిగిన మంచు మీద ప్రామాణిక టైరుకంటే కనీసం 10 శాతం ఎక్కువ పట్టు చూపితేనే అది దక్కుతుంది. అయితే అక్కడి ఆ పరీక్ష కొలిచేది ముందుకు లాగే పట్టునే, ఐసు మీద ఆగే శక్తిని కాదు. అంటే ఈ గుర్తు కూడా పూర్తి హామీ కాదు, ఉన్నవాటిలో నమ్మదగినది మాత్రమే. కెనడాలోని క్విబెక్‌ రాష్ట్రం డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా శీతాకాలపు టైర్లు తప్పనిసరి చేసింది. జర్మనీ 2024 అక్టోబరు నుంచి మంచు దారుల్లో మంచురేకు గుర్తున్న టైర్లనే అంగీకరిస్తోంది. ఈ చట్టాల ముందు ఫోర్‌ బై ఫోర్‌ బండికి మినహాయింపు లేదు. ఆల్‌ వీల్‌ డ్రైవ్‌ కొన్నాం కదా అని పాత టైర్లతోనే టొరంటో, డెట్రాయిట్‌ చలికాలాలు గడిపే తెలుగు కుటుంబాలు కూడా ఈ తర్కాన్ని గమనించాలి.

హైదరాబాదు నుంచి రెండు వేల కిలోమీటర్లకు పైగా వేడి రోడ్ల మీద నడిచి మనాలి చేరే బండికి శీతాకాలపు టైర్లు ఎలా కుదురుతాయన్న అభ్యంతరం న్యాయమైనదే. ఆ మెత్తని రబ్బరు వేడికి త్వరగా అరిగిపోతుంది. అటువంటివారికి మంచురేకు గుర్తున్న ఆల్‌ టెరైన్‌ టైర్లు, అంటే రోడ్డుకూ మట్టిదారికీ మధ్యస్థంగా ఉండేవి, వాటితో పాటు నాలుగు చక్రాలకూ సరిపడా చెయిన్లు ఆచరణకు వీలైన మార్గం. రెండు చెయిన్లతో సరిపెట్టడం మంచిది కాదు: వెనుక మాత్రమే కడితే దిగుడులో స్టీరింగు మాట వినదు, ముందు మాత్రమే కడితే వెనుక భాగం పక్కకు తిరుగుతుంది. గాలి విషయంలో ఊహ పనికిరాదు. ఉష్ణోగ్రత ప్రతి 5 లేదా 6 డిగ్రీలు పడిపోయినప్పుడు ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది, ఎత్తుకు పోయేకొద్దీ గేజి అంకె కొంత పెరుగుతుంది. కాబట్టి పైకి చేరాక, పొద్దున చల్లగా ఉన్నప్పుడే కొలవాలి.

దిగుడులో ఫోర్‌ బై ఫోర్‌కు ఒక నిజమైన మేలు ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. లో రేంజిలో, అంటే బండిని బాగా నెమ్మదిగా నడిపే గేర్ల వరుసలో, మొదటి గేరు వేసి పాదాన్ని బ్రేకు మీద నుంచి తీస్తే, ఇంజన్‌ నిరోధం నాలుగు చక్రాలకూ సమంగా అంది, చక్రాలు బిగుసుకోకుండా బండి నడక వేగంతో దిగుతుంది. అయితే జిప్సీ, జిమ్నీ తరహా బండ్లలో అప్పుడు ముందు, వెనుక ఇరుసులు ఒకే వేగంతో తిరిగేలా ముడిపడి ఉంటాయి కాబట్టి, ఇరుకు మలుపులో ముందు చక్రాలు తిప్పిన వైపు పోకుండా నేరుగా జారే గుణం ఉంటుంది. మలుపుకు ముందే వేగం తగ్గించుకోకపోతే ఈ మేలు కూడా కీడవుతుంది.

2020లో 9.02 కిలోమీటర్ల అటల్‌ టన్నెల్‌ తెరుచుకున్నాక, అంతకు ముందు చలికాలమంతా మూసుకుపోయే లాహౌల్‌కు మైదానాల బండ్లు ఉదయం వెళ్లి సాయంత్రం తిరిగి వస్తున్నాయి. 2024 డిసెంబరులో సోలంగ్‌కూ టన్నెల్‌కూ మధ్య వందల బండ్లు మంచులో చిక్కుకుపోయాయి. చెక్‌పోస్టు దగ్గర సిబ్బంది గేరు మీట చూసి పంపే బదులు, వంగి నాలుగు టైర్ల గాడుల లోతునూ గుర్తునూ చూడాలి, చెయిన్లు తీసి చూపమని అడగాలి. లాహౌల్‌లోని సిస్సు నుంచి తిరిగి వచ్చే బండి టన్నెల్‌ దక్షిణ ద్వారం దాటేసరికి ధుండీ వైపు కొండ నీడ పడి, పగలు కరిగిన నీరు మళ్లీ బిగుసుకుంటూ ఉంటుంది. దిగుడు మొదలయ్యాక చెయిన్లు కట్టడానికి బండిని ఆపడమే కష్టం గనుక, అవి చదునైన చోటు ఉండగానే కట్టుకోవాలి. చెయిన్లు లేని బండి, ఎన్ని చక్రాలకు శక్తి అందేదైనా, ఆ రాత్రికి లాహౌల్‌ వైపే నిలిచిపోవాలి.