నెత్తుట్లో చదువు లేదా?

మాది జన్వాడ. నేను ఎమ్మెస్సీలో చేరతానన్ననాడు మా ఊళ్ళో ఒక పెద్దాయన, "మీ తాత నాగలి వట్టిండు, మీ నాయిన నాగలి వట్టిండు. మీ నెత్తుట్ల సదువు యాడికెల్లి వస్తది బిడ్డా?" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. పట్నం వచ్చాక బాగా చదువుకున్నవాళ్ళు కూడా "అంతా జీన్స్‌లో ఉంటుందండీ" అంటుంటే మాత్రం నవ్వు రాలేదు. మాట అదే, చొక్కా మాత్రం ఇంగ్లీషుది!

జన్యువులు అంత నిరంకుశులా? మన కణాన్నే అడుగుదాం. ఒక్క కణంలోని డి.ఎన్‌.ఎ.ను సాగదీస్తే సుమారు 2 మీటర్లు. కంటికి ఆనని కేంద్రకంలో అది, కండెకు నూలు చుట్టినట్లు, హిస్టోన్లనే ప్రోటీన్ల మీద చుట్టుకుని ఉంటుంది. చుట్టు బిగిసిన చోట జన్యువును చదివే ఎంజైము చొరబడలేదు, అనులేఖనం సాగదు. హిస్టోన్ తోకకు ఎసిటైల్ సమూహం తగిలితే దాని ధనావేశం తగ్గి పట్టు సడలుతుంది, జన్యువు పలుకుతుంది. మరో ఎంజైము వచ్చి ఆ సమూహాన్ని ఊడదీస్తే మళ్ళీ మౌనం. మిథైల్ సమూహమైతే, తగిలిన చోటును బట్టి ఒకచోట నోరు విప్పిస్తుంది, మరోచోట మూయిస్తుంది. కంటిలోనూ కాలేయంలోనూ ఉన్న గ్రంథం ఒక్కటే. తెరిచిన పుటలే వేరు.

1964లో ఆల్‌ఫ్రే, ఆయన సహచరులు ఈ సంగతి సూచించారు. 1996లో డేవిడ్ ఆలిస్ బృందం ఎసిటైల్ తగిలించే ఎంజైమును పట్టుకుని దానికి గట్టి ఆధారం చూపింది. ఊడదీసే ఎంజైములను అడ్డుకునే వొరినోస్టాట్ మందుకు 2006లో అమెరికాలో ఒక రకం లింఫోమా చికిత్సకై అనుమతి వచ్చింది.

ప్రోటీన్లకు తగిలే మరో సమూహం ఫాస్ఫేటు. దాన్ని అందించే ఏ.టి.పి.ని 1929లో జర్మనీలో లోమన్, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు విడివిడిగా కనుగొన్నారు. ఆ సుబ్బారావు మెట్రిక్ గట్టెక్కింది మూడో ప్రయత్నంలో! రెండోసారి తప్పినప్పుడే "వీడి నెత్తుట్లో లేదు" అని అందరూ వదిలేసి ఉంటే?

మిత్రులారా! హిస్టోన్లు నాకు సీటు ఇప్పించాయని నేననడం లేదు. ఫలానా పొడి తింటే జన్యువులు మారిపోతాయనే వ్యాపారాన్నీ నమ్మమనడం లేదు. జన్యువుల బలం నిజమే. కాని గ్రంథం ఉన్నంత మాత్రాన చదివినట్లు కాదని కణమే చెబుతుంటే, పుట్టుకను చూసి మనిషికి మార్కులు వేసే హక్కు మనకెక్కడిది? "హిస్టోన్లు క్షార ప్రోటీన్లు" అని రెండు మార్కులకు రాసి మరిచిపోయే పాఠం కాదిది. మా గురువులు దీన్ని తెలుగులో, తీరిగ్గా చెప్పాలని నా మనవి.

మొన్న సెలవుల్లో ఆ పెద్దాయనకు కండె కథ చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే నూలు ఉంటే సరిపోదన్నట్టు. ఇప్పేటోడు గూడ గావాలె" అన్నాడు.

ఆ మాటకు నేను పూర్తి మార్కులు వేశాను.