గ్రీన్ సర్టిఫికెట్‌లో గ్రామసభ ఎక్కడ?

డిస్కంలు వాడే కరెంటులో కొంత శాతం సౌర, పవన, జల విద్యుత్ ఉండాలనేది రూల్. 2029-30 నాటికి అది 43.33 శాతం. కుదరకపోతే? పవర్ ఎక్స్ఛేంజ్‌లో ఆర్‌ఈసీ సర్టిఫికెట్లు కొని లెక్క సరిపెట్టుకోవచ్చు. వెయ్యి యూనిట్లకు ఒకటి. అంటే కరెంటు ఒకరికి, దాని పచ్చదనం ఇంకొకరికి అమ్ముతారన్నమాట! 2010 నుంచీ ఇదే పద్ధతి.

సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు ప్లాంటు ఏ రకం, మీటరు ఎన్ని యూనిట్లు చూపింది, ఇవి చూస్తారు. ఎవరి పోడు పోయింది, గ్రామసభ ఒప్పుకుందా అన్నది షరతు కాదు. పెసా చట్టం 1996 నుంచీ ఉంది, కానీ ఈ లెక్కలో దానికి చోటు లేదు.

అల్లూరి జిల్లాలో ఎర్రవరం, పెదకోట పంప్డ్ స్టోరేజీ గొడవ మీకు తెలిసిందే. అవి కొత్తగా కరెంటు పుట్టించవు. మిగులు కరెంటుతో నీళ్లు పైకెక్కించి, అవసరమైనప్పుడు కిందికి వదులుతాయంతే. సోలార్, గాలి టార్గెట్ పెరిగేకొద్దీ మన కొండల మీద వీటికి గిరాకీ పెరుగుతుంది.

సోలార్ వద్దని మనం అనట్లేదు. ఐదో షెడ్యూల్ ప్రాంతంలో గ్రామసభ తీర్మానం లేని ప్లాంటుకు సర్టిఫికెట్ ఇవ్వొద్దని ఒక్క లైను చేర్చమంటున్నాం. రెగ్యులేటరీ కమిషన్ ముసాయిదా పెడితే ఎవరైనా అభ్యంతరం రాయొచ్చు. డిగ్రీలు చదివినోళ్లం, ఈసారి ఆ కాగితాలు మన ఊళ్ల నుంచి వెళ్లాలి.