సంజీవయ్య నల్లకోటు

దామోదరం సంజీవయ్య 1921 ఫిబ్రవరి 14న కర్నూలు పక్కనున్న పెద్దపాడులో పుట్టారు. అనంతపురం దత్తమండల కళాశాలలో లెక్కలు, మద్రాసు లా కాలేజీలో చట్టం చదివారు. 1950లో ప్లీడరు సన్నదు చేతికొచ్చిన ఏడాదే తాత్కాలిక పార్లమెంటుకు వెళ్లారు. నల్లకోటు కోర్టులో మాసే వ్యవధి దొరకలేదు.

1952లో రాజాజీ, 1953లో ప్రకాశం మంత్రివర్గాల్లో పనిచేసి, 1960 జనవరిలో 38 ఏళ్లకే ముఖ్యమంత్రి అయ్యారు. జయంతి ఉపన్యాసాలు ఇక్కడే ఆగిపోతాయి: దేశంలో తొలి దళిత ముఖ్యమంత్రి, ఒక దండ, ఒక ఫొటో. ఆయనలోని లాయరును ఎవరూ పలకరించరు. వృద్ధాప్య పింఛను తెచ్చింది ఆయనే. 1961 జనవరిలో అవినీతి నిరోధక శాఖ పుట్టిందీ ఆయన హయాంలోనే. లంచం పట్టుకోవడానికి విడిగా ఒక శాఖ ఉండాలనడం ప్లీడరు బుర్రకు తట్టే ఆలోచన. కేంద్ర కార్మిక మంత్రిగా ఉండగా 1965లో బోనస్ చట్టం వచ్చింది. యజమాని దయగా ఇచ్చే పండగ డబ్బు అప్పటినుంచి కార్మికుడి హక్కు. లాభం రాకపోయినా అప్పట్లో నూటికి నాలుగైనా ఇవ్వాల్సి వచ్చేది. 1972 మే 7న, కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఉండగానే కన్నుమూశారు.

ఆయన పేరిట న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. ఎక్కడ? విశాఖపట్నంలో. సీమ బిడ్డ పేరు సముద్రపొడ్డుకు, సీమకు హంద్రీ మీద సంజీవయ్య సాగర్. దాన్నీ జనం గాజులదిన్నె అనే పిలుస్తారు.

పేరే కాదు, కోర్టూ రాలేదు. 1937 నవంబరు 16న మద్రాసులో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం రాజధాని, హైకోర్టు ఒకటి కోస్తాకు, ఒకటి సీమకు. 1953లో రాజధాని కర్నూలుకు, మరుసటేడు హైకోర్టు గుంటూరుకు వెళ్లాయి, మాట నిలిచింది. మూడేళ్లకే రెండూ హైదరాబాదు చేరాయి. 2019లో హైకోర్టు తిరిగొచ్చింది, అమరావతికి. 2020లో కర్నూలును న్యాయ రాజధాని అన్న చట్టాన్ని మరుసటేడే వెనక్కి తీసుకున్నారు. 2024 నవంబరులో శాసనసభ కర్నూలుకు బెంచి కావాలని తీర్మానించింది. తీర్మానం వేరు, జడ్జి కూర్చునే కుర్చీ వేరు. ఆదోని రైతు భూమి తగాదా హైకోర్టుకెక్కితే, కాగితాల సంచి చంకనపెట్టుకుని రాత్రి బస్సులో నల్లమల దాటాలి. పొద్దున కోర్టు గేటు దగ్గర దిగేసరికి వాయిదా పడిందని వకీలు గుమాస్తా చెబుతాడు.